వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, మార్గభోజనం: ఫాదర్ గారిని ఎప్పుడు పిలవాలి? ఇంట్లో, ఐసీయూలో ఏం సిద్ధం చేయాలి?

బృంద_కార్యదర్శి (సోమవారం, రాత్రి 8:40)

అందరికీ స్తోత్రం. విచారణలో (ఒక గురువు చూసుకునే కతోలిక సంఘంలో) రోగులను చూసివచ్చే బృందం కోసం ఒక కరపత్రం తయారుచేస్తున్నాం. ఇళ్ళల్లో ఎప్పుడూ అడిగేవి ఇవే: ఫాదర్ గారిని ఎప్పుడు పిలవాలి? స్పృహ లేనివాళ్ళకి అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం రాసి ప్రార్థించే సంస్కారం) ఇస్తారా? గుటక దిగనివాళ్ళకి సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) ఎలా? ఐసీయూలోకి రానివ్వకపోతే? గురువు దొరక్కపోతే ఉపదేశి గారు (ఊళ్ళో ప్రార్థనలు నడిపించే గృహస్థుడు) నూనె రాయొచ్చా? తెలిసినవాళ్ళు కచ్చితంగా చెప్పండి. "ప్రార్థన చేయండి, అంతా దేవుడు చూసుకుంటాడు" అనే జవాబులు మాకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

విచారణ_గురువు (రాత్రి 9:25)

పేరు దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఆలస్యమంతా అక్కడి నుంచే వస్తోంది. పాతరోజుల్లో దీన్ని అవస్థ అభ్యంగనం అనేవారు. మన భాషలో "అవస్థలో ఉన్నాడు" అంటే ఇక గంటల్లో మనిషి అని. అందుకే నూనె డబ్బీతో గురువు గుమ్మంలో కనిపించగానే ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. ఆ భయంతో కబురు పంపడం చివరి గంట దాకా వాయిదా వేస్తారు.

రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) 1963లోనే స్పష్టంగా చెప్పింది: ఇది చావు అంచున ఉన్నవారికి మాత్రమే ఇచ్చే సంస్కారం కాదు, జబ్బు వల్లగానీ ముసలితనం వల్లగానీ ప్రాణానికి ప్రమాదం మొదలవుతున్నప్పుడే దానికి సరైన సమయం వచ్చినట్టు. 1972 నవంబరు 30న ఆరవ పౌలు పోపు గారు కొత్త క్రమాన్ని ఆమోదించారు. 1983 శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో కానన్ 1004, అంటే 1004వ నియమం, కూడా అదే మాట. "మొదలవుతున్నప్పుడు" అన్న పదం కింద గీత గీసుకోండి.

అంటే ఎప్పుడు? క్యాన్సర్ అని తేలినప్పుడు. గుండె ఆపరేషన్‌కి ముందు. పక్షవాతం వచ్చినప్పుడు. కిడ్నీలు పనిచేయక డయాలసిస్ మొదలైనప్పుడు. ప్రత్యేకంగా జబ్బేమీ లేకపోయినా ముసలితనంతో బాగా నీరసించి మంచం పట్టినప్పుడు. తీవ్రమైన మానసిక వ్యాధికి కూడా ఇవ్వొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. రెండు రోజుల జ్వరానికీ పన్ను పీకించుకోవడానికీ ఇవ్వరు. ఒకసారి తీసుకుంటే అయిపోయిందనే మాట కూడా తప్పు. కోలుకుని మళ్ళీ జబ్బుపడితే మళ్ళీ ఇస్తాం. అదే జబ్బు ముదిరినా మళ్ళీ ఇస్తాం.

చనిపోయేవారి సంస్కారం వేరే ఉంది. అది మార్గభోజనం, అంటే చివరి ప్రయాణానికి ఇచ్చే సత్ప్రసాదం. మన ఇళ్ళల్లో నూనె పూయించారా అని అడుగుతారు గానీ, మార్గభోజనం అందిందా అని అడిగేవారు అరుదు. కరపత్రంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఈ తేడా వేయండి.

పల్లె_ఉపదేశి (రాత్రి 9:50)

ఫాదర్ గారు చెప్పింది నిజం. పల్లెల్లో ఇంకో చిక్కు ఉంది. ఒక్క గురువు పది పన్నెండు ఊళ్ళు చూస్తారు. కబురు అందేసరికి ఆయన ఇంకో ఊళ్ళో పూజలో ఉంటారు. అందుకని కబురు చెప్పేటప్పుడు "మా నాన్నకి బాగోలేదు, రండి" అంటే సరిపోదు. ఇవన్నీ చెప్పాలి: రోగి పేరు, వయసు. జ్ఞానస్నానం అయిందా, ఏ విచారణలో అయింది. స్పృహ ఉందా, మాట్లాడగలరా. మింగగలరా, ముక్కులో గొట్టం ఉందా. పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) చేస్తామని అడిగారా. అంటుజబ్బు ఏదైనా ఉందా. ఆసుపత్రి అయితే ఏ అంతస్తు, ఏ మంచం, లోపలికి ఎప్పుడు పంపుతారు, గేటు దగ్గర ఎవరు కలుస్తారు, వాళ్ళ ఫోను నంబరు. దీన్ని బట్టే గురువు ఏం వెంట తెచ్చుకోవాలో తేలుతుంది. మింగలేరని ముందే తెలిస్తే ఏర్పాటు వేరు.

ఇక నూనె సంగతి. ఉపదేశిగానీ, మఠకన్యగానీ, చివరికి డీకన్ గారుగానీ (గురువుకి కింది మెట్టులో ఉండే సేవకులు) ఈ అభ్యంగనం ఇవ్వలేరు. గురువు లేదా పీఠాధిపతి (బిషప్) మాత్రమే. రోమ్ 2005 ఫిబ్రవరి 11న దీని మీద ప్రత్యేకంగా ఒక నోట్ ఇచ్చింది. ఎవరైనా మంచి ఉద్దేశంతో నూనె రాసి అవే మాటలు చదివినా సంస్కారం జరగదు. ఇంట్లోవాళ్ళు "అయిపోయిందిలే" అనుకుని గురువుని పిలవడం మానేస్తారు, అసలు నష్టం అది.

గృహిణి_గుంటూరు (రాత్రి 10:05)

మరి స్వస్థత కూటాల్లో ఇచ్చే ప్రార్థన నూనె? గుణదల తిరునాళ్ళ నుంచి కూడా నూనె సీసాలు తెచ్చుకుంటారు కదా. అది రాస్తే తప్పా?

విచారణ_గురువు (రాత్రి 10:20)

తప్పు కాదమ్మా, కానీ అది వేరు. ఆశీర్వదించిన నూనె, తీర్థం, పతకం, ఇవి భక్తికి తోడు వచ్చే వస్తువులు. విశ్వాసంతో ఎవరైనా వాడుకోవచ్చు. అభ్యంగనానికి వాడేది ఈస్టరుకు ముందు పవిత్ర వారంలో పీఠాధిపతి గారు గురువులందరితో కలిసి చేసే తైలాల పూజలో ఆశీర్వదించిన వ్యాధిగ్రస్తుల తైలం. మామూలు నూనె రాసేటప్పుడు అభ్యంగనంలోని మాటలు చదవకండి, నుదుటికీ చేతులకూ ఆ క్రమంలోనే రాయకండి. చూసేవారికి రెండూ ఒకటే అనిపించేలా చేయకూడదు.

నూనె గురించి రెండు ముక్కలు. ఒకప్పుడు ఒలీవ నూనె మాత్రమే చెల్లేది. 1972 నుంచి ఏ మొక్క నుంచి తీసిన నూనైనా చెల్లుతుంది: కొబ్బరి, నువ్వులు, వేరుశనగ. డబ్బీ మరిచిపోయి రోగి దగ్గరికి వచ్చిన గురువు అవసరమైతే ఆ ఇంటి నువ్వుల నూనెనే అక్కడికక్కడ ఆశీర్వదించి వాడొచ్చు, అయితే ఆ అభ్యంగన క్రమంలోనే. లిక్విడ్ పారఫిన్, పసిపిల్లలకి రాసే మినరల్ ఆయిల్ మాత్రం చెల్లవు, అవి పెట్రోలియం నుంచి వచ్చేవి. తలనూనెల్లో కూడా చాలావాటిలో ఇది కలిసే ఉంటుంది. సీసా మీద చదవండి, లేకపోతే వంటింటి నూనె ఇవ్వండి.

డబ్బీలో దూది మీద పోసిన నూనె ఏడాదికి మించి ఉంచకూడదు. మన ఎండలకి అది మక్కు వాసన వేస్తుంది. కొత్త తైలం రాగానే పాత దూదిని కాల్చి, బూడిద మట్టిలో కలపాలి.

ఐసీయూ_సిస్టర్ (మంగళవారం, ఉదయం 6:15)

ఆసుపత్రి వైపు నుంచి చెబుతాను. సరైన ఘడియ ఏదని అడిగితే నా జవాబు ఒకటే: గొంతులో గొట్టం వేయకముందు. వెంటిలేటర్ పెట్టేటప్పుడు మత్తు ఇస్తారు. ఆ తర్వాత రోగి మాట్లాడలేరు, మింగలేరు, చాలాసార్లు కళ్ళు కూడా తెరవరు. గొట్టం వేసే పది నిమిషాల ముందు మనిషి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు. డాక్టర్ గారు "వెంటిలేటర్ అవసరం పడొచ్చు" అన్న క్షణమే ఫాదర్ గారికి ఫోన్ చేయండి. నొప్పికి గట్టి మందులు పెంచబోతున్నప్పుడూ అంతే.

లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర సెక్యూరిటీతో వాదించొద్దు. డ్యూటీలో ఉన్న ఇన్‌చార్జి సిస్టర్‌ని అడగండి. "పది నిమిషాలు, ఒక్కరే, ఏ పరికరాన్నీ ముట్టుకోరు" అని చెబితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. డాక్టర్ల రౌండ్లు నడిచే వేళ, డ్యూటీ మారే వేళ తప్పించండి. గురువు గౌను, మాస్క్ వేసుకుంటారు. నూనె రాసే ముందూ తర్వాతా చేతులు శుభ్రం చేసుకుంటారు.

కొవ్వొత్తులు వద్దే వద్దు. ఆక్సిజన్ నడిచేచోట నిప్పురవ్వ చాలు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టిన గదిలో కూడా ఇదే నియమం, అగరొత్తులు కూడా కుదరవు. తీర్థం రెండు చుక్కలు వేలితో చాలు, మానిటర్ తీగల మీద చల్లకండి.

అంటుజబ్బు ఉంటే దూది చుట్టిన పుల్లతో నూనె రాయొచ్చు. మామూలుగా గురువు తన చేతితోనే రాయాలి, తీవ్ర కారణం ఉంటే పరికరం వాడొచ్చని చట్టంలోనే ఉంది. ఆ పుల్లని డబ్బీలోకి మళ్ళీ ముంచకూడదు. ముందే కొంచెం నూనె విడిగా తీసుకోవాలి. వాడిన పుల్లని ఆసుపత్రిలో పసుపు సంచిలో వేస్తే అది కాల్చివేతకే వెళుతుంది, కనుక పవిత్ర తైలాన్ని చెత్తలో పడేసినట్టు కాదు.

కానన్_విద్యార్థి (ఉదయం 7:02)

క్రమం గురించి ఒక సవరణ, ఎందుకంటే కరపత్రాల్లో ఇది ఎక్కువగా తప్పుతుంది. తీరిక ఉంటే క్రమం ఇది: పాపసంకీర్తనం, దాని చివర మరణ సమయపు పూర్ణఫలంతో (పాపాలకు మిగిలే శిక్ష పూర్తిగా రద్దు కావడంతో) కూడిన పోపు గారి ఆశీర్వాదం, తర్వాత అభ్యంగనం, చివర మార్గభోజనం. రోగి నిమిషాల్లో ఉన్నారనుకోండి, క్రమం మారుతుంది: పాపసంకీర్తనం (క్లుప్తంగా అయినా సరే), వెంటనే మార్గభోజనం, ఇంకా వ్యవధి ఉంటే అభ్యంగనం. మింగలేకపోతేనే అభ్యంగనం ముందుకొస్తుంది. మరణ ప్రమాదంలో ఉన్న విశ్వాసి సత్ప్రసాదం స్వీకరించవలసిన బాధ్యత ఉంది, అభ్యంగనం విషయంలో అలాంటి నియమం లేదు.

ఆ ఉదయం పూజలో సత్ప్రసాదం తీసుకున్నా, అదే రోజు ప్రమాదం వస్తే మార్గభోజనంగా మళ్ళీ తీసుకోవచ్చు (కానన్ 921). ప్రమాదం రోజుల తరబడి సాగితే రోజుకొకసారి చొప్పున మళ్ళీ మళ్ళీ ఇవ్వొచ్చు. గంట ఉపవాసం రోగులకు వర్తించదు, వాళ్ళని చూసుకునేవారికీ వర్తించదు (కానన్ 919). మంచం పక్కన రాత్రంతా కూర్చున్న కోడలు టీ తాగిందని సత్ప్రసాదం మానుకోనక్కర్లేదు.

గృహిణి_గుంటూరు (ఉదయం 7:30)

స్పృహ లేనివాళ్ళకి ఇస్తారా? మాటపోయినవాళ్ళు పాపసంకీర్తనం ఎలా చేస్తారు?

విచారణ_గురువు (ఉదయం 8:45)

స్పృహలో ఉన్నప్పుడు అడిగి ఉండేవారే అనిపిస్తే అభ్యంగనం ఇస్తాం (కానన్ 1006). పూజకు వెళ్ళేవారు, జపమాల చేతిలో ఉండే మనిషి, అదే చాలు. చనిపోయారా లేదా అన్న అనుమానంలో కూడా ఇస్తాం. చనిపోయారని కచ్చితంగా తెలిస్తే ఇవ్వం. అప్పుడు ఆత్మ కోసం ప్రార్థిస్తాం. "వచ్చారుగా, కొంచెం నూనె రాయండి ఫాదర్" అని కుటుంబం బతిమాలుతుంది. బాధ అర్థమవుతుంది, కానీ సంస్కారాలు బతికున్నవారికే.

మాటలేనివారి పాపసంకీర్తనం కష్టం కాదు. అందరినీ గదిలోంచి పంపేస్తాం, కర్టెన్ వేస్తాం. గురువు ఆజ్ఞలు ఒక్కొక్కటిగా మెల్లగా అడుగుతారు, రోగి కళ్ళు ఆర్పుతారు లేదా చెయ్యి నొక్కుతారు. అదీ కుదరకపోతే మొత్తంగా పశ్చాత్తాపం చూపే ఒక్క సైగ చాలు, పాపవిమోచనం ఇస్తారు. కాగితం మీద రాసిస్తే గురువు దాన్ని చించి కాల్చేస్తారు. వినికిడి యంత్రం పెట్టుకునేవారైతే ముందే పెట్టండి. లేకపోతే గురువు గట్టిగా అరవాలి, పక్క మంచాలవారికి వినబడుతుంది. మరణ ప్రమాదంలో ఏ గురువైనా పాపవిమోచనం ఇవ్వొచ్చు, గురుత్వ బాధ్యతల నుంచి తప్పుకున్నవారు కూడా (కానన్ 976).

పసిపిల్లలకి అభ్యంగనం ఉండదు. ఏడేళ్ళ చుట్టుపక్కల, మంచిచెడు తెలిసే వయసు నుంచి ఇస్తాం. తెలుసో లేదో అని అనుమానముంటే ఇచ్చేస్తాం.

గల్ఫ్_తెలుగు (ఉదయం 10:10)

కువైట్, దుబాయ్ లాంటిచోట్ల ఉన్నవాళ్ళకి ఊళ్ళో తండ్రి సీరియస్ అని ఫోన్ వస్తుంది. వీడియో కాల్‌లో ఇక్కడి ఫాదర్ గారితో పాపసంకీర్తనం చేయించొచ్చా? ఆయనకి తెలుగు కూడా వచ్చు.

కానన్_విద్యార్థి (ఉదయం 10:25)

కుదరదన్నా. పాపవిమోచనం, అభ్యంగనం రెండూ ఎదురుగా ఉండి ఇవ్వాల్సినవే. ఫోన్‌లో ప్రార్థన చేయొచ్చు, ఓదార్చొచ్చు, పశ్చాత్తాప జపం చెప్పించొచ్చు. 2020లో కోవిడ్ నడిచినప్పుడు కూడా శ్రీసభ ఫోన్ పాపసంకీర్తనం ఇవ్వలేదు. మార్చి 20న రోమ్ ఇచ్చిన పత్రంలో ఉన్నది, గురువు అందని రోగి దేవునిపై ప్రేమతో నిజంగా పశ్చాత్తాపపడి, వీలైన వెంటనే పాపసంకీర్తనం చేస్తానని గట్టిగా నిశ్చయించుకుంటే చావైన (అతి ఘోరమైన) పాపాలకు కూడా క్షమాపణ దొరుకుతుందన్న బోధ. మీ తండ్రిగారి చెవి దగ్గర ఫోన్ పెట్టి ఉత్తమ మనస్తాప జపం మెల్లగా, ఒక్కో వాక్యంగా చెప్పండి. ఈలోగా ఊళ్ళో ఉన్నవారు దగ్గరి విచారణకు మనిషిని పంపాలి. ఆ రెండో పని మర్చిపోకండి.

ఐసీయూ_సిస్టర్ (మధ్యాహ్నం 1:40)

మింగడం గురించి ఎవరూ వివరంగా రాయలేదు. రోగికి ప్రమాదం జరిగేది ఇక్కడే.

ముందు ఫైల్లో "నోటితో ఏమీ ఇవ్వకూడదు" అని ఉందేమో నర్సుని అడగండి. ఉంటే ఆ మాట దాటొద్దు, చిన్న ముక్కైనా సరే. పక్షవాతం వచ్చినవారిలో గుటక తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రెండు రోజుల్లో నిమోనియా తయారు.

నోటితో ఇవ్వొచ్చంటే: మంచం తల ఎత్తి కూర్చోబెట్టండి, గడ్డం కొంచెం కిందికి వంచాలి. మగతగా ఉంటే ఆగండి. ఆక్సిజన్ మాస్క్ వల్ల నోరు ఎండిపోయి ఉంటుంది, ముందు ఒక చెంచా నీళ్ళు. పెట్టుడు పళ్ళు ఉంటే పెట్టండి. అప్పం మొత్తం వద్దు, బియ్యపు గింజంత ముక్క చాలు. చెంచాలో కొద్దిగా నీళ్ళతో ఇవ్వొచ్చు. ఆ గింజలోనూ క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడు. తర్వాత ఇంకో చెంచా నీళ్ళు, ఆపైన నోరు తెరిపించి చూడండి. మతిమరుపు వ్యాధి ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు బుగ్గలో దాచేస్తారు, అరగంట తర్వాత దిండు మీద దొరుకుతుంది. అయిన తర్వాత అరగంట పడుకోబెట్టకండి.

ఉమ్మేస్తే కంగారుపడొద్దు. శుభ్రమైన గుడ్డతో తీసి గ్లాసు నీళ్ళలో వేయండి. పూర్తిగా కరిగిపోయాక ఆ నీళ్ళు తులసికోటలోనో సింకులోనో పోయకండి, గుడి ఆవరణలో తొక్కని చోట మట్టిలో పోయాలి. వాంతులవుతున్నవారికి ఆ పూట ఇవ్వకండి, ఆత్మీయ సత్ప్రసాద స్వీకార జపం (మనసులోనే సత్ప్రసాదం కోరుకునే జపం) చెప్పించండి.

రైల్స్ ట్యూబు (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ఉన్నవారి సంగతి ఫాదర్ గారే చెప్పాలి.

విచారణ_గురువు (మధ్యాహ్నం 3:15)

ఘనపదార్థం మింగలేనివారికి దివ్యరక్తం (పూజలో క్రీస్తు రక్తంగా మారిన ద్రాక్షరసం) ఒక్కటే ఇవ్వొచ్చు (కానన్ 925), చెంచాతో కొన్ని చుక్కలు. దాన్ని మూత బిగిసే చిన్న పాత్రలో, ఒలకకుండా, పూజ అవగానే తీసుకెళ్ళాలి. మిగిలింది తీసుకెళ్ళినవారే తాగి పాత్ర నీళ్ళతో కడిగి ఆ నీళ్ళూ తాగాలి. ట్యూబు ద్వారా ఇవ్వాలంటే డాక్టర్ గారి అనుమతి, నర్సు చేయి రెండూ కావాలి. ఇచ్చిన వెంటనే ట్యూబులో నీళ్ళు పంపాలి. ముందురోజే విచారణకు చెప్పాలి, అప్పటికప్పుడు అడిగితే కుదరదు.

సత్ప్రసాదం మోసుకెళ్ళే అనుమతి పొందినవారు ఇంకో మాట గుర్తుంచుకోండి. భరిణె (సత్ప్రసాదం పెట్టే చిన్న డబ్బీ) మెడలో వేలాడాలి, గుండె దగ్గర. గుడి నుంచి నేరుగా రోగి దగ్గరికి. మధ్యలో బజారు పని, టీ కొట్టు వద్దు. మిగిలినవి ఇంట్లో పెట్టుకుని పడుకోవడం అసలు కుదరదు, తిరిగి గుడి మందసంలోకి (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టెలోకి) చేరాలి.

ఇంట్లో సిద్ధం చేయాల్సినవి ఎక్కువేం లేవు. చిన్న బల్ల, తెల్ల గుడ్డ, స్లీవ (సిలువ), ఆక్సిజన్ లేకపోతే 2 కొవ్వొత్తులు, తీర్థం, గ్లాసు నీళ్ళు, చెంచా, దూది, గురువు వేళ్ళకు అంటిన నూనె తీయడానికి ఒక నిమ్మచెక్క. టీవీ ఆపండి. రోగి ముఖం తుడవండి, నుదుటి మీద కట్టో, జ్వరానికి వేసిన తడిగుడ్డో ఉంటే తీయండి. మోచేతుల దాకా చేతులు బయట పెట్టండి. గురువు తీర్థం చల్లి, వాక్యం చదివి, మౌనంగా తల మీద చేతులుంచి, నుదుటి మీద నూనె రాస్తూ మాటల్లో మొదటి సగం, అరచేతులకు రాస్తూ రెండో సగం చెబుతారు. రెండుచోట్లా మీరు "ఆమెన్" అనాలి. సమయం లేకపోతే నుదుటి మీద ఒక్కసారి రాసి మాటలన్నీ చెబితే చాలు. నుదురు కాలిపోయో గాయపడో ఉంటే ఇంకోచోట రాస్తారు.

వరంగల్_విశ్వాసి (సాయంత్రం 5:30)

మా వైపు సగం ఇళ్ళల్లో భార్య కతోలిక, భర్త హిందువు. లేకపోతే తమ్ముడు బాప్టిస్టు సంఘం. వీళ్ళ సంగతి కూడా వేయండి. గుళ్ళో పెళ్ళి జరగని జంటల సంగతి కూడా.

కానన్_విద్యార్థి (సాయంత్రం 6:05)

జ్ఞానస్నానం లేనివారికి అభ్యంగనం, సత్ప్రసాదం ఇవ్వరు. గురువు తల మీద చెయ్యి వేసి ప్రార్థిస్తారు, ఆశీర్వదిస్తారు. రోగి తానే జ్ఞానస్నానం కావాలని అడిగితే, ముఖ్య విశ్వాస సత్యాలు కొంతైనా తెలిసి, క్రైస్తవుడిగా బతుకుతానని మాటిస్తే ఇవ్వొచ్చు (కానన్ 865). అడగాల్సింది రోగి. భార్య కోరిందని, స్పృహ లేని భర్తకు, ఆయన ఎన్నడూ కోరనిది ఇవ్వకూడదు. దీనివల్ల ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి మనసులు విరిగిపోతాయి.

ప్రొటెస్టంటు సోదరులకు మరణ ప్రమాదంలో నాలుగు షరతుల మీద ఇస్తారు (కానన్ 844): తమ సంఘ పెద్ద దగ్గరికి వెళ్ళే వీలు లేకపోవడం, తామే అడగడం, ఈ సంస్కారం గురించి కతోలిక విశ్వాసాన్నే ఒప్పుకోవడం, మనసు సిద్ధంగా ఉండడం. వాళ్ళ పాస్టర్ గారు పక్క వీధిలో ఉంటే ఆయన్ని పిలిపించడమే మర్యాద.

గుళ్ళో పెళ్ళి జరగని జంటకు కానన్ 1079 ఉంది. మరణ ప్రమాదంలో చాలా అడ్డంకులకు అక్కడికక్కడే మినహాయింపు దొరుకుతుంది, పీఠాధిపతిని అందుకోలేకపోతే విచారణ గురువే ఇవ్వొచ్చు. ఇద్దరు సాక్షుల ముందు మంచం పక్కనే పెళ్ళి సరిచేసి, ఆ వెంటనే పాపసంకీర్తనం, మార్గభోజనం. ముప్పై ఏళ్ళుగా సత్ప్రసాదానికి దూరంగా ఉన్నవారు ఉంటారు. ఈ దారి ఉందని వాళ్ళకి ముందే చెప్పాలి, సిగ్గుతో వాళ్ళు అడగరు.

పసికందుల_నర్సు (రాత్రి 7:50)

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల జ్ఞానస్నానం గురించి. తల్లిదండ్రులు కోరినప్పుడు, గురువు వచ్చే వ్యవధి లేకపోతే, ఎవరైనా ఇవ్వొచ్చు. క్రైస్తవులు కాని నర్సు ఇచ్చినా, శ్రీసభ ఉద్దేశించినదే తానూ చేస్తున్నానన్న తలపు ఉంటే చెల్లుతుంది.

ఇంక్యుబేటర్‌లో చెంబుతో పోయలేం. సూది తీసిన 2 మి.లీ. సిరంజిలో స్టెరైల్ వాటర్ తీసుకోండి. సెలైన్ వద్దు, అనుమానానికి తావివ్వకూడదు. సిరంజిని అరచేతుల మధ్య పట్టుకుని గోరువెచ్చగా చేయాలి, చల్లటి చుక్క పడితే ఆ పసిగుడ్డుకి గుండె వేగం పడిపోవచ్చు. టోపీ పక్కకి జరిపి నుదుటి చర్మం మీద మూడుసార్లు ఒక్కో చుక్క జారనివ్వాలి. నీళ్ళు కదలాలి. తడిదూది అద్దడం సరిపోదు. పోసేవారే, పోస్తూనే, "(పేరు), పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అనాలి. ఒకరు పోసి ఇంకొకరు చెబితే చెల్లదు. "మేము" అన్నా చెల్లదని 2020లో రోమ్ స్పష్టం చేసింది. వెంటనే మెత్తటి గుడ్డతో ఒత్తి టోపీ పెట్టేయండి.

తేదీ, గంట, ఇచ్చినవారి పేరు, ఒక సాక్షి పేరు కాగితం మీద రాసి విచారణ రిజిస్టరుకి పంపండి. బిడ్డ బతికితే గుడిలో మిగతా క్రమం చేస్తారు: పవిత్ర తైలం, తెల్లబట్ట, కొవ్వొత్తి. జ్ఞానస్నానం మాత్రం రెండోసారి ఇవ్వరు. కాగితం లేకపోతే ఇక్కడే గొడవ వస్తుంది.

విచారణ_గురువు (రాత్రి 8:10)

చాలా బాగా చెప్పావమ్మా. ఒకటి చేరుస్తాను: మరణ ప్రమాదంలో ఉన్న జ్ఞానస్నానం పొందిన బిడ్డకి ఏ గురువైనా భద్రమైన అభ్యంగనం (పవిత్రాత్మతో విశ్వాసంలో బలపరిచే సంస్కారం) ఇవ్వొచ్చు (కానన్ 883). పసిబిడ్డకి కూడా. కబురు చేసేటప్పుడు ఆ తైలం కూడా తెమ్మని చెప్పండి, అది వేరే డబ్బీ.

వరంగల్_విశ్వాసి (రాత్రి 8:35)

"ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని డాక్టర్లు అన్నప్పుడు వెంటిలేటర్ తీయించడం పాపమా?

విచారణ_గురువు (రాత్రి 9:30)

శ్రీసభ సత్యోపదేశం (2278) ప్రకారం, ఫలితానికి మించిన భారమైన, అసాధారణమైన వైద్యాన్ని ఆపడం చంపడం కాదు. చావును ఆపలేమని ఒప్పుకోవడం అది. నీళ్ళు, ఆహారం శరీరం స్వీకరించగలిగినంత కాలం ఇస్తూనే ఉండాలి. నొప్పి తగ్గించే మందులు ఇవ్వొచ్చు, ఉద్దేశం చంపడం కానంతవరకు వాటివల్ల ఆయుష్షు కొంత తగ్గే అవకాశం ఉన్నా సరే. చట్టపరంగా సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చి, 2023లో విధానాన్ని సులభం చేసింది. వైద్యుల బోర్డులు చూడాలి, కుటుంబం ఒక్కటే నిర్ణయించేది కాదు.

పని తీరులో చెప్పాల్సింది ఇది. ఇంటికి తెచ్చాక గురువుని పిలుద్దామనుకుంటారు. వెంటిలేటర్ తీసి చేత్తో గాలి కొడుతూ అంబులెన్సులో ఎనభై కిలోమీటర్లు వచ్చేవారిలో చాలామంది దారిలోనే వెళ్ళిపోతారు. సంస్కారాలు ఆసుపత్రిలోనే, తీయకముందే అయిపోవాలి. ఊళ్ళో విచారణ గురువు రాలేకపోతే ఆ పట్టణంలో ఉన్న విచారణ గురువు వస్తారు, ఎవరైనా ఒకటే.

పల్లె_ఉపదేశి (రాత్రి 9:55)

గురువు ఎంతకీ అందకపోతే విశ్వాసులు చేయగలిగింది చాలా ఉంది. నుదుటి మీద స్లీవ గుర్తు వేయండి. స్లీవను కళ్ళకి కనబడేలా పట్టుకోండి, చేతిలో పెట్టండి. చెవి దగ్గర చిన్న చిన్న జపాలు: "యేసు, మరియ, జోజప్ప". "ప్రభువా, నా ఆత్మను నీ చేతికి అప్పగిస్తున్నాను". ఒకటి చెప్పి కాసేపు ఆగాలి. పరలోక జపం, మంగళవార్త జపం, సకల పునీతుల ప్రార్థన. మైకు పెట్టి పాటలు, గుంపుగా కేకలు వేసి ప్రార్థనలు వద్దు. వినికిడి చివరిదాకా ఉంటుందనుకునే మాట్లాడండి, ఆస్తి మాటలు ఆ గదిలో ఎత్తకండి. గురువు లేకపోయినా, బతుకంతా ఏదో ఒక జపం చెప్పుకుంటూ వచ్చి, మనసు సిద్ధంగా ఉన్న విశ్వాసికి మరణ ఘడియలో పూర్ణఫలం శ్రీసభే ఇస్తుంది.

ప్రాణం పోయాక గదిలో ఉన్నవారు మోకరించి ఆత్మను దేవునికి అప్పగించే జపం చెప్పాకే ఏడవండి అంటే ఎవరూ వినరు. అయినా ఒకరైనా ఆ జపం మొదలుపెట్టాలి.

బృంద_కార్యదర్శి (రాత్రి 10:40)

అందరికీ కృతజ్ఞతలు. మొదటి పేజీలో వేయబోయేది ఇది, చూడండి:

"జబ్బు ప్రాణం మీదికి వస్తోందనగానే అభ్యంగనం అడగండి. గొట్టం వేయకముందు, మత్తు ఇవ్వకముందు పిలవండి. నోటితో ఇవ్వొచ్చో లేదో నర్సుని అడగండి. చివరి గడియల్లో నూనె కోసం కంటే ముందు సత్ప్రసాదం కోసం అడగండి. గురువు తప్ప ఎవరూ నూనె రాయకూడదు. ఆక్సిజన్ దగ్గర కొవ్వొత్తి వద్దు."

విచారణ_గురువు (రాత్రి 10:55)

"గురువు తప్ప ఎవరూ నూనె రాయకూడదు" అని ఉంచితే ఇంటి ఆడవాళ్ళు నొప్పులకి నూనె రాయడానికి కూడా భయపడతారు. "అభ్యంగనం ఇవ్వగలిగేది గురువు మాత్రమే" అని మార్చండి. కింద విచారణ ఫోన్ నంబరు, పక్క విచారణ నంబరు రెండూ వేయండి. ఒకటి ఎత్తకపోతే రెండోది ఉండాలి.